ప్రాథమిక పాఠశాలలో ఆర్టిస్ట్ రెసిడెన్సీ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఆర్టిస్టును కొన్ని వారాలపాటు స్కూల్లో ఉంచుకుందామనుకుంటున్న హెడ్మాస్టర్లు, మొదటిసారి పిల్లల మధ్యకు వెళ్లబోతున్న ఆర్టిస్టులు, "ఇదంతా ఎందుకండీ?" అని అడిగే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. చిత్రకళ, మట్టిపని, ప్రింట్ల గురించే ఎక్కువ మాట్లాడాం. నాటకం, నృత్యం, సంగీతం అయితే గదీ సామానూ మారతాయి, మిగతా చిక్కులన్నీ ఇవే.

రెసిడెన్సీ అంటే ఏమిటి? డ్రాయింగ్ టీచర్‌ని పెట్టుకున్నట్టేనా?

కాదు. డ్రాయింగ్ టీచర్ ఏడాది పొడవునా సిలబస్ ప్రకారం అందరికీ పాఠం చెప్తారు. రెసిడెన్సీకి వచ్చే ఆర్టిస్టు కొద్దికాలమే ఉంటారు, తన సొంత పనిని వెంట తెచ్చుకుంటారు, ఆ పని ఎలా జరుగుతుందో పిల్లలకు చూపిస్తూ వాళ్లనూ అందులోకి దించుతారు. పిల్లలు పూర్తయిన బొమ్మలను పుస్తకాల్లో చాలా చూస్తారు. అది తయారవుతున్నప్పుడు చూడటం మాత్రం అరుదు. ఒక పెద్దమనిషి మూడు రోజులు గీసినదాన్ని నాలుగో రోజు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడం, విసుక్కోకుండా పదిసార్లు అదే గీత వేయడం వాళ్ల కళ్లముందే జరగాలి. రెసిడెన్సీలో అసలు సరుకు ఇదే.

డ్రాయింగ్ టీచర్ పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి రెసిడెన్సీ పెట్టేద్దాం అనే ఆలోచన ఉంటే మాత్రం వద్దు. ఆ ఖాళీ అలాగే ఉంటుంది, ఆర్టిస్టు కూడా నలిగిపోతారు.

ఇది ఎక్కడైనా జరిగిందా, కొత్త ప్రయోగమా?

కొత్తదేం కాదు. అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అనే ప్రభుత్వ సంస్థ 1969లో ఆర్టిస్టులను స్కూళ్లకు పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. 1977లో న్యూయార్క్‌లో ఆగ్నెస్ గండ్ స్థాపించిన స్టూడియో ఇన్ ఎ స్కూల్ అనే సంస్థ ఇప్పటికీ ఆర్టిస్టులను బడుల్లోకి పంపుతూనే ఉంది. ఇంగ్లండ్‌లో 2002లో మొదలైన క్రియేటివ్ పార్ట్‌నర్‌షిప్స్ అనే కార్యక్రమం చాలా పెద్ద ఎత్తున నడిచి, 2011లో నిధులు ఆగిపోవడంతో ముగిసింది. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణంలో విద్యావేత్త లోరిస్ మలగుత్సీ ఆలోచనలతో నడిచిన శిశు పాఠశాలలు ఇంకో అడుగు ముందుకేసి, కళలో శిక్షణ పొందిన మనిషిని బడి సిబ్బందిలో శాశ్వతంగా చేర్చుకున్నాయి.

మాకు బాగా నచ్చేది స్కాట్లండ్‌లోని రూమ్ 13 అనే స్టూడియో. ఫోర్ట్ విలియం దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో 1994లో మొదలైంది. స్టూడియోను పిల్లలే ఒక చిన్న వ్యాపారంలా నడిపేవారు. లెక్కలు రాసుకోవడం, సామాను కొనడం, ఆర్టిస్టుకు డబ్బు సమకూర్చడం అన్నీ వాళ్లే. ప్రతి స్కూలూ అంత దూరం వెళ్లలేదు. కానీ "పిల్లలకు ఏం తెలుస్తుంది?" అనే మాట వచ్చినప్పుడల్లా ఆ గది గుర్తుచేసుకోవడం మంచిది.

ఎన్ని రోజులు ఉండాలి?

ఒక్క రోజు వచ్చి వెళ్తే దాన్ని వర్క్‌షాప్ అనండి, చాలు. వారం రోజులు వరసగా ఉంటే పిల్లల్లో ఊపు వస్తుంది, టైమ్‌టేబుల్ మాత్రం అతలాకుతలం అవుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాలపాటు వారానికి ఒకటి రెండు రోజులు రావడం ప్రాథమిక పాఠశాలకు బాగా కుదురుతుంది. మధ్యలో దొరికే రోజుల్లో పిల్లలు ఆలోచిస్తారు, ఇంటి దగ్గర గీసుకొస్తారు, టీచర్లకు ఊపిరి సలుపుతుంది.

సామాను కూడా కొంతవరకు గడువును నిర్ణయిస్తుంది. మట్టిపనినే చూడండి. చేసిన వస్తువు వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు ఆరాలి. తర్వాత బట్టీలో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలాలి, చల్లారాలి. గ్లేజ్ (గాజులాంటి పూత) వేస్తే ఇంకోసారి కాల్చాలి. వారం రోజుల రెసిడెన్సీలో కుండలు చేయిస్తామని ఎవరైనా అంటే, కాల్చిన వస్తువులను ఎప్పుడు ఇస్తారో ముందే అడగండి. లోపల తడి మిగిలిన మట్టిని తొందరపడి బట్టీలో పెడితే ఆ తడి ఆవిరై వస్తువును పగలగొడుతుంది. ఏడేళ్ల పిల్లకు ఆ ముక్కలు అప్పజెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు.

స్కూలు మొత్తానికీ ఆర్టిస్టుతో క్లాసులు ఉండాలి కదా? కొందరికే ఎందుకు?

ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. మూడు వందల మంది పిల్లలు, పది పూటలు. అందరికీ సమానంగా పంచితే ఒక్కో క్లాసుకు ఒక పీరియడ్ దక్కుతుంది. ఆ పీరియడ్‌లో ఆర్టిస్టు పేరు చెప్పి, రంగులు పంచి, చేతులు కడిగించేసరికి గంట కొడతారు. న్యాయంగా కనిపిస్తుంది కానీ ఎవరికీ ఏమీ అందదు.

చాలా చోట్ల పాటించే పద్ధతి వేరు. రెండు మూడు క్లాసులను ముఖ్య బృందంగా ఎంచుకుంటారు. వాళ్లకు ఆర్టిస్టుతో కనీసం నాలుగు, వీలైతే ఎనిమిది పీరియడ్లు దొరకాలి. మిగతా క్లాసులకు ఒక ప్రార్థన సమావేశంలో పరిచయం, స్టూడియో తలుపు తెరిచి ఉంచే సమయం, చివర్లో ప్రదర్శన. వచ్చే ఏడాది ముఖ్య బృందం మారుతుందని ముందే చెప్పేస్తే తల్లిదండ్రుల ఫిర్యాదులు సగం తగ్గుతాయి. ఆ సగం తగ్గడం కోసమైనా, ఏ క్లాసులను ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో కాగితం మీద పెట్టండి. బాగా గీసే పిల్లలను ఏరి ఒక బృందం చేయడం మాత్రం వద్దే వద్దు. వాళ్లు రెసిడెన్సీ లేకపోయినా గీస్తారు.

రోజుకు ఎన్ని క్లాసులు తీసుకోవచ్చు?

నాలుగు. అంతకు మించితే మధ్యాహ్నం వచ్చే పిల్లలకు అలసిపోయిన మనిషి దొరుకుతారు. క్లాసుకూ క్లాసుకూ మధ్య కనీసం పదిహేను నిమిషాలు ఉండాలి, బల్లలు తుడవాలి కదా.

ఆర్టిస్టును ఎలా ఎంచుకోవాలి? పేరున్నవాళ్లయితే మంచిదా?

పేరుతో పెద్దగా పని లేదు. మూడు విషయాలు చూడండి. తన పని మీద తనకు ప్రేమ ఉండాలి, అది ఇప్పటికీ నడుస్తూ ఉండాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చి ముద్దు మాటలు మాట్లాడకూడదు. పని ఎందుకు అలా చేశారో మామూలు మాటల్లో చెప్పగలగాలి.

పోర్ట్‌ఫోలియో ఒక్కటే చూసి నిర్ణయించకండి. ఒక పీరియడ్‌కు పిలిచి నిజమైన క్లాసు ఇవ్వండి, దానికి డబ్బు కూడా ఇవ్వండి. వెనక బెంచీలో కూర్చుని చూడండి. ఆర్టిస్టు ఎంత బాగా గీశారన్నది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పిల్ల చేతిలోని కుంచె లాక్కుని తానే సరిచేశారా లేదా అన్నది చూడాల్సిన సంగతి. లాక్కునేవాళ్లు మంచి ఆర్టిస్టులే కావచ్చు, ఈ పనికి మాత్రం పనికిరారు.

ఆర్టిస్టు క్లాసు తీసుకుంటుంటే క్లాస్ టీచర్ నోట్సులు దిద్దుకోవచ్చా?

అస్సలు వద్దు. టీచర్ గదిలో ఉండాలి, వీలైతే తానూ ఒక ఏప్రాన్ కట్టుకుని పిల్లల పక్కన కూర్చుని చేయాలి. దీనికి రెండు కారణాలు. మొదటిది బాధ్యత: పిల్లల భద్రత, క్రమశిక్షణ స్కూలు సిబ్బంది చేతిలోనే ఉండాలి, బయటినుంచి వచ్చిన మనిషి మీద వదిలేయకూడదు. రెండోది ఇంకా పెద్దది. ఆర్టిస్టు వెళ్లిపోతారు, టీచర్ ఉంటారు. ఆ పది వారాల్లో టీచర్ నేర్చుకున్నదే తర్వాతి బ్యాచ్‌లకు అందుతుంది.

అందుకే రెసిడెన్సీ మొదలవకముందే టీచర్లకు విడిగా ఒక పూట పెట్టండి. పిల్లల్లేకుండా, మార్కుల టెన్షన్ లేకుండా, వాళ్లు కూడా చేతులు పాడు చేసుకోవాలి. "మాకు గీయడం రాదండీ" అనే మాట పిల్లల కంటే టీచర్ల నోటే ఎక్కువ వినిపిస్తుంది.

ఏ వయసు వాళ్లకు ఏ పని ఇవ్వాలి?

పిల్లల బొమ్మల ఎదుగుదల మీద కళా విద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940లలో వేసిన దశల లెక్క ఇప్పటికీ చాలామందికి ఆధారం. దాని మీద విమర్శలు ఉన్నా క్లాసులో మాత్రం పనికొస్తుంది. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య మనిషి బొమ్మకు తల నుంచే కాళ్లు మొలుస్తాయి, వస్తువులు కాగితం మీద ఎక్కడపడితే అక్కడ తేలుతుంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్లకు కింద ఒక నేల గీత వస్తుంది. చెట్టూ ఇల్లూ మనిషీ అన్నీ దాని మీద నిలబడతాయి, ప్రతి పిల్లకూ తనదైన ఒక "ఇల్లు" గుర్తు స్థిరపడుతుంది. తొమ్మిది దాటాక నిజంలా కనిపించాలనే పట్టుదల మొదలవుతుంది.

కాబట్టి ఆరేళ్ల వాళ్లకు పర్‌స్పెక్టివ్ (దగ్గరా దూరం తేడా కాగితం మీద చూపించడం) నేర్పబోవడం వృథా ప్రయాస. వాళ్లకు పెద్ద కాగితం, లావు కుంచెలు, చేతినిండా మట్టి ఇవ్వండి. నేల మీద పరిచిన కాగితం చుట్టూ నడుస్తూ గీయనివ్వండి. ఎనిమిదేళ్ల వాళ్లు కథ చెప్పే పనుల్లో, తోలుబొమ్మల్లో, కొలాజ్‌లో (ముక్కలు అతికించి బొమ్మ చేయడంలో) మునిగిపోతారు. పదేళ్ల వాళ్లకు నైపుణ్యం కావాలి: నీడ ఎలా పడుతుంది, చెయ్యి ఎలా గీయాలి, రెండు రంగులు కలిపితే బురదలా ఎందుకు అవుతుంది. "నీకు తోచింది గీయి" అంటే ఆ వయసులో చిరాకు పడతారు, పడటం సహజం కూడా.

"నాకు బొమ్మలు రావు" అని కూర్చునే పిల్లలతో ఏం చేయాలి?

ముందు "ఎంత బాగా గీశావో!" అని అబద్ధం చెప్పడం మానాలి. తొమ్మిది పదేళ్ల పిల్లకు తన బొమ్మకూ తాను చూస్తున్న వస్తువుకూ మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కళ్లు ఎదిగాయి, చెయ్యి ఇంకా అందుకోలేదు. పొగిడితే మన మాట మీదే నమ్మకం పోతుంది.

గీయడం మీద ఆధారపడని పనితో మొదలుపెట్టడం మంచి దారి. ఆకుల మీద కాగితం పరిచి రుద్దడం, ఫోమ్ ప్లేటు మీద గీతలు నొక్కి ప్రింట్ తీయడం, చించిన కాగితాలతో కొలాజ్. ప్రింట్ తీసినప్పుడు ఫలితం ఎలా వస్తుందో ఎవరికీ ముందు తెలియదు, బాగా గీసే పిల్లకూ తెలియదు. అందరూ ఒకే గీత మీద నిలబడతారు. తర్వాత కాగితం వైపు చూడకుండా వస్తువునే చూస్తూ గీసే అభ్యాసం ఇవ్వండి. బొమ్మ అందరికీ వంకరగానే వస్తుంది, నవ్వులు పూస్తాయి, భయం పోతుంది. ఆ తర్వాతే అసలు పాఠం.

ఆర్టిస్టు తన పాడైపోయిన స్కెచ్‌బుక్కులు తెచ్చి చూపించడం కూడా చాలా పని చేస్తుంది. పేజీలకు పేజీలు కొట్టివేతలు చూసి పిల్లలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

ఆర్టిస్టు స్కూల్లో సొంత పని చేసుకుంటే డబ్బు దండగ కాదా?

హెడ్మాస్టర్లు కొంచెం మొహమాటంగా అడిగే ప్రశ్న ఇది. దండగ కాదు. స్కూల్లో ఉన్న సమయంలో మూడో వంతు నుంచి సగం దాకా ఆర్టిస్టు తన పని కోసం కేటాయించాలి. తలుపు తెరిచి ఉండాలి, పిల్లలు ఇంటర్వెల్లో వచ్చి చూడొచ్చు, అడగొచ్చు. ఆ గంటలు కూడా క్లాసులతో నింపేస్తే పైన చెప్పుకున్న అసలు సరుకే పోతుంది, మిగిలేది గంటల లెక్కన వచ్చే ట్యూటర్.

ఆర్టిస్టులకూ ఒక మాట. ఏకాంతంలో తప్ప పని చేయలేనంటే తప్పేం లేదు, కానీ అలాంటప్పుడు ఈ అవకాశం ఒప్పుకోకండి. పిల్లలు అడుగుతూనే ఉంటారు. "ఇది అయిపోయిందని మీకెలా తెలుస్తుంది?" లాంటి ప్రశ్నలు వస్తాయి, వాటికి తడుముకోవాల్సి వస్తుంది.

గది ఎలాంటిది ఉండాలి?

నీళ్ల కుళాయి, సింక్ ఉన్న గది. మిగతావన్నీ తర్వాత. కుళాయి లేకపోతే ముప్పై మంది పిల్లల చేతులు కడిగించడానికే సగం పీరియడ్ పోతుంది. మట్టిపని, ప్లాస్టర్ నీళ్లు నేరుగా సింకులో పోయకండి, పైపులు పూడుకుపోతాయి. బకెట్‌లో పేరుకోనిచ్చి పైన తేరిన నీళ్లు పారబోయాలి.

తడి బొమ్మలు ఆరబెట్టడానికి చోటు కావాలి. ఇది అందరూ మర్చిపోతారు. ముప్పై కాగితాలు, రోజుకు నాలుగు క్లాసులు: సాయంత్రానికి నూట ఇరవై తడి కాగితాలు. తాడు కట్టి క్లిప్పులు పెట్టినా సరే, ర్యాకు పెట్టినా సరే. ఆ గదిలో పరీక్షలు, మీటింగులు మధ్యలో పెట్టకండి. సగం అయిన పని కదపకుండా ఉంచగలగడమే స్టూడియోకు మొదటి అర్హత.

రంగులు, మట్టి, జిగురు పిల్లలకు సురక్షితమేనా?

సరైనవి కొంటే సురక్షితమే, కానీ డబ్బా మీది మాటలు జాగ్రత్తగా చదవాలి. ఏఎస్‌టీఎం డి-4236 అనే అమెరికన్ ప్రమాణం నంబరు రాసి ఉంటే పిల్లలకు పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. దీర్ఘకాలంలో హాని చేసే పదార్థాలేమైనా ఉంటే వాటి గురించి లేబుల్ మీద హెచ్చరిక పెట్టే నిబంధన పాటించారని మాత్రమే దానర్థం. హాని చేసే సామాను మీద కూడా ఆ నంబరు ఉండొచ్చు. పిల్లల కోసమైతే, విషపదార్థాలు లేవని తెలిపే ఏపీ (అప్రూవ్డ్ ప్రొడక్ట్) ముద్ర ఉందేమో చూడండి. యూరప్ సరుకైతే ఆటబొమ్మల భద్రతకు పెట్టిన ఈఎన్ 71 ప్రమాణం చూడండి.

ఆర్టిస్టు సొంత పెట్టె వేరు, పిల్లల పెట్టె వేరు. క్యాడ్మియం, సీసం ఉన్న రంగులు, టర్పెంటైన్, స్ప్రే జిగురు, పొడి పిగ్మెంట్లు పిల్లల గదిలోకి రాకూడదు. ఆర్టిస్టు వాడక తప్పదంటే పిల్లలు లేని వేళల్లో, గాలి ఆడే చోట వాడి, తాళం వేసి పెట్టుకోవాలి. కాగితం గుజ్జు పనికి గోడ కాగితాలు అతికించే జిగురు పొడి చవకగా దొరుకుతుంది కదా అని వాడేస్తుంటారు. వాటిలో కొన్నింట్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. పిల్లల చేతులకు అది వద్దు, పిండితో కాచిన జిగురు చాలు.

మట్టి తడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. ఆరి పొడి అయ్యాక లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాబట్టి మట్టి గదిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. బట్టీ ఉంటే పిల్లలు చేరలేని చోట, పొగ బయటికి పోయే ఏర్పాటుతో ఉండాలి. ప్రింట్ల కోసం లినో (లినోలియం పలక) చెక్కే ఉలులు చిన్న క్లాసులకు అసలు వద్దు.

గుర్తుగా గోడ మీద ఒక పెద్ద మ్యూరల్ వేయిద్దామనుకుంటున్నాం. ఎలా?

చాలా స్కూళ్లు దీంతోనే మొదలుపెడతాయి. నిజానికి ఇది కష్టమైన పని. అనుకున్నది ఎలాగైనా పూర్తిచేయాలనే ఒత్తిడిలో ఆర్టిస్టు గీతలన్నీ తానే గీసి, పిల్లలకు మధ్యలో రంగు నింపే పని ఇస్తారు. ఫోటోలు బాగా వస్తాయి. పిల్లలు నేర్చుకున్నది గీత దాటకుండా రంగు వేయడం.

చేయాలనుకుంటే ముందు రెండు మూడు వారాలు పిల్లల స్కెచ్చులకే ఇవ్వండి. వాళ్ల బొమ్మల్లోంచే డిజైన్ రావాలి, వాళ్ల గీతలే ప్రొజెక్టర్‌తో గోడ మీదికి ఎక్కాలి. గోడ సంగతి కూడా చూడాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ కనీసం నాలుగు వారాలు ఆరాలి, లేకపోతే దానిలోని క్షారం రంగును తినేస్తుంది. చెమ్మ ఎక్కే గోడ అయితే ముందు ఆ చెమ్మకు కారణం వెతకండి, ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలు లేచిపోతాయి. బయటి గోడకు ప్రైమర్, బయట వాడే యాక్రిలిక్, పైన ఎండకు తట్టుకునే వార్నిష్ కావాలి. నిచ్చెన, పరంజా పిల్లలకు నిషేధం. వాళ్ల చెయ్యి అందినంత మేర వాళ్లది, పైది పెద్దలది.

ఎంతకాలం ఉంచుతారో, తర్వాత సున్నం కొట్టొచ్చో లేదో ముందే రాసుకోండి. అమెరికాలో 1990లో వచ్చిన చట్టం కొన్ని సందర్భాల్లో ఆర్టిస్టు అనుమతి లేకుండా మ్యూరల్‌ను పాడుచేయకుండా రక్షణ ఇస్తుంది. చట్టాలు దేశానికొకటి, అందుకే ఒప్పందంలో ఒక వాక్యం ఉండటం ఇద్దరికీ మేలు. గోడే కావాలా అని కూడా ఆలోచించండి. ప్లైవుడ్ పలకల మీద వేస్తే నేల మీద పెట్టి వేయొచ్చు, తర్వాత చోటు మార్చొచ్చు.

దీనివల్ల పిల్లల మార్కులు పెరుగుతాయా?

పెరుగుతాయని మేం మాట ఇవ్వం. నిధుల కోసం రాసే అర్జీల్లో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది కానీ ఆధారం బలహీనం. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడగట్టి 2000లో ఫలితాలు ప్రకటించారు. చిత్రకళ నేర్పితే చదువులో, లెక్కల్లో మార్కులు పెరుగుతాయనడానికి గట్టి రుజువు వాళ్లకు దొరకలేదు. క్లాసులో నాటకం వేయించడం మాత్రం భాషా నైపుణ్యాలకు తోడ్పడుతుందని తేలింది. వాళ్లే తర్వాత ఆర్ట్ క్లాసుల్లో కూర్చుని, అక్కడ నిజంగా ఏం నేర్పుతున్నారో గమనించారు: పరిశీలించడం, పట్టు వదలకుండా కూర్చోవడం, లేనిదాన్ని ఊహించడం, తన పనిని తానే తరచి చూసుకోవడం లాంటి ఎనిమిది అలవాట్లు. అవి కావాలనుకుంటే రెసిడెన్సీ పెట్టండి. మార్కులే కావాలంటే ఆ డబ్బుతో వేరే దారులున్నాయి.

మరి పాఠాలతో కలపకూడదా?

కలపొచ్చు, కలయిక నిజమైనదైతే. మట్టి ఆరి కాలేసరికి దాదాపు పది శాతం కుంచించుకుపోతుంది. కాల్చాక ఇరవై సెంటీమీటర్లు ఉండాలంటే ఎంత పొడవు చేయాలి అన్నది ఐదో తరగతికి మంచి లెక్క, అవసరం కొద్దీ వచ్చిన లెక్క. ఎక్కం చుట్టూ పువ్వులు గీయించడం మాత్రం కలపడం కాదు, అలంకరణ.

పిల్లల పనికి మార్కులు వేయాలా?

వద్దు. దానికి బదులు ప్రతి పిల్లకూ ఒక స్కెచ్‌బుక్ ఇచ్చి, మొదటి వారం పేజీ పక్కన చివరి వారం పేజీ పెట్టి ఏం మారిందో వాళ్లనే చెప్పనివ్వండి.

డబ్బు ఏయే పద్దుల కింద ఖర్చవుతుంది?

ఆర్టిస్టు పారితోషికం, సామాను, ప్రయాణం, దూరం నుంచి వస్తే బస, ప్రదర్శన ఖర్చు. వీటితోపాటు బడ్జెట్‌లో ఎప్పుడూ కనపడని పద్దు ఇంకొకటి ఉంది: క్లాసు బయటి గంటలు. టీచర్లతో కూర్చుని ప్లాన్ వేయడం, రంగులు కలిపి సిద్ధం చేయడం, శుభ్రం చేయడం, బట్టీ దగ్గర కాపలా ఇవన్నీ పనే. గంట క్లాసుకు ఇంకో గంట పని వెనక ఉంటుందని లెక్క వేసుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు. "మీకూ మంచి ప్రచారం వస్తుంది కదండీ" అని పారితోషికం తగ్గించమనడం మర్యాద కాదు. డబ్బు తక్కువుంటే రోజులు తగ్గించండి.

ఒప్పందం తప్పనిసరా? నమ్మకం మీద నడవదా?

నమ్మకం ఉన్నవాళ్లే రాసుకోవాలి, తర్వాత అదే నమ్మకం నిలవాలంటే. తేదీలు, రోజుకు క్లాసులు, ఒక్కో క్లాసులో పిల్లల సంఖ్య, టీచర్ గదిలో ఉండాలన్న షరతు, డబ్బు ఎప్పుడెప్పుడు ఇస్తారు, స్కూలుకు అనుకోని సెలవు వస్తే ఆ రోజు లెక్క ఏమిటి, ఆర్టిస్టుకు జబ్బు చేస్తే ఎలా, మిగిలిన సామాను ఎవరిది, ఆర్టిస్టు అక్కడ చేసుకున్న సొంత పని ఎవరిది. చివరిదానికి మా సమాధానం ఆర్టిస్టుదే అని. స్కూలుకు ఒక పని ఇవ్వాలంటే అది విడిగా మాట్లాడుకోవాలి. రెండు పేజీల్లో అయిపోతుంది ఇదంతా.

పిల్లల భద్రత విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇందులో మొహమాటాలకు చోటు లేదు. ఎంత తెలిసిన మనిషైనా, ఎంత పెద్ద పేరున్నా, అక్కడి చట్టం అడిగే నేపథ్య తనిఖీ పూర్తయ్యాకే స్కూల్లో అడుగు పెట్టాలి. ఏ పిల్లతోనూ ఆర్టిస్టు ఒంటరిగా ఉండే సందర్భం రాకూడదు. ఇంటర్వెల్లో స్టూడియో తెరిచి ఉంటే స్కూలు సిబ్బంది ఒకరు ఉండాలి, తలుపు మూయకూడదు. సొంత ఫోన్ నంబరు, సోషల్ మీడియా ఖాతా పిల్లలకు ఇవ్వకూడదు. పిల్లలు బొమ్మలు గీస్తూ ఒక్కోసారి ఇంట్లో జరిగే విషయాలు చెప్పేస్తారు. ఆందోళన కలిగించేది ఏదైనా వింటే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకుండా, ఎక్కువ ప్రశ్నలు వేయకుండా, అదే రోజు స్కూల్లో బాధ్యులైన వారికి చెప్పాలి. ఆ బాధ్యులు ఎవరో ఆర్టిస్టుకు మొదటి రోజే తెలిసి ఉండాలి.

ఫోటోలు తీసుకోవచ్చా? బొమ్మలు ఎవరి సొత్తు?

ఫోటోలకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. ఇవ్వనివాళ్ల పిల్లలను పక్కకు నిలబెట్టి ఫోటో తీసే బదులు చేతులు, బొమ్మలు మాత్రమే కనిపించేలా తీస్తే సరిపోతుంది. బొమ్మ గీసిన పిల్లదే. ఆర్టిస్టు తన వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలన్నా, స్కూలు క్యాలెండర్‌లో అచ్చు వేసుకోవాలన్నా అడగాలి, తల్లిదండ్రులతో పాటు ఆ పిల్లనూ అడగాలి. కొందరు వద్దంటారు. వద్దంటే వద్దు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పాల్గొనగలరా?

తప్పకుండా. కానీ "చూద్దాం లెండి" అని వదిలేయకుండా ముందే ఆ పిల్లల టీచర్‌తో మాట్లాడాలి. కొందరికి తడి మట్టి తగిలితే భరించలేని ఇబ్బంది. వాళ్లకు పలుచని గ్లవ్స్ లేదా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన మట్టి ఇవ్వొచ్చు. పట్టు తక్కువ ఉన్న చేతులకు కుంచె పిడికి స్పాంజ్ చుట్టి లావు చేయాలి. కాగితాన్ని బల్లకు టేప్‌తో అతికిస్తే రెండో చెయ్యితో పట్టుకోనక్కర్లేదు. చూపు తక్కువ ఉన్న పిల్లలకు మట్టి, తీగ, గుడ్డ ముక్కలు కాగితం కంటే ఎక్కువ మాట్లాడతాయి. కొత్త మనిషి, కొత్త గది కొందరిని కంగారు పెడతాయి కాబట్టి మొదటి క్లాసుకు ముందే ఆర్టిస్టు ఫోటో, గది ఫోటో చూపించి ఉంచండి.

క్లాసు అదుపు తప్పితే?

ఆర్టిస్టు స్టూడియోలో కొంత గోల ఉంటుంది, దాన్ని అదుపు తప్పడం అనుకోకండి. నిజంగా అదుపు తప్పితే కలగజేసుకోవాల్సింది టీచర్. సాధారణంగా కారణం పిల్లలు కాదు, సామాను పంపిణీ. అందరికీ ఒకేసారి రంగులిచ్చి, తర్వాత సూచనలు చెప్తే ఎవరూ వినరు. ముందు చెప్పి, చేసి చూపించి, చివర్లో రంగులివ్వండి. సూచన ఐదు నిమిషాలు దాటకూడదు.

చివర్లో ప్రదర్శన పెట్టాలా?

పెడితే మంచిది, కానీ ప్రదర్శన కోసమే రెసిడెన్సీ నడవకూడదు. అతిథులు, రిబ్బన్లు, ఉపన్యాసాల మధ్య పిల్లలు ఎండలో నిలబడి ఉండే కార్యక్రమం అసలే వద్దు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల భవనంలోనే 2014 నుంచి సమకాలీన కళల మ్యూజియం నడుస్తోంది. అక్కడ పిల్లలు కళాకారులతో కలిసి పని చేస్తారు, ప్రదర్శనల ఏర్పాటులో పాలుపంచుకుంటారు. ఆ స్థాయిలో కాకపోయినా, ఏది ఎక్కడ తగిలించాలి, పక్కన చీటీ మీద ఏం రాయాలి అన్నది పిల్లలకే వదలొచ్చు. ప్రతి పిల్లదీ ఒక్కటైనా ఉండాలి. బొమ్మలు పిల్లల కంటి ఎత్తులో పెట్టండి, పెద్దలు వంగి చూస్తారు. పూర్తి కాని పనులకూ, ఆర్టిస్టు చెరిపేసిన కాగితాలకూ ఒక గోడ ఇవ్వండి. అందరూ ఎక్కువసేపు ఆగేది ఆ గోడ దగ్గరే.

ఆర్టిస్టు వెళ్లిపోయాక?

ఆఖరి వారంలో టీచర్లతో ఒక గంట కూర్చోండి. ఏ పనులు టీచర్ ఒక్కరే మళ్లీ చేయించగలరు, ఏవి చేయించలేరు అన్నది తేల్చుకోండి. చేయించగలిగిన వాటికి సామాను పేర్లు, మోతాదులు, పట్టిన సమయంతో ఒక్కో పేజీ రాసిపెట్టమని ఆర్టిస్టును అడగండి. దానికి కూడా పారితోషికంలో లెక్క ఉండాలి. మిగిలిన సామాను జాబితా రాసి, అల్మారా తాళం ఎవరి దగ్గర ఉంటుందో నిర్ణయించండి. తాళం ఆఫీసు గదిలోకి వెళ్లిపోతే ఆ రంగులు ఎండిపోయేదాకా ఎవరూ తీయరు.

వచ్చే ఏడాది మళ్లీ అదే ఆర్టిస్టును పిలవొచ్చా?

పిలవొచ్చు. రెండో ఏడాది పని సాధారణంగా ఇంకా బాగుంటుంది, పేర్లు తెలుసు, సింకు ఎక్కడుందో తెలుసు. కానీ ముఖ్య బృందాన్ని మార్చండి, మాధ్యమాన్ని మార్చమని ఆర్టిస్టును అడగండి. మూడో ఏడాదికి కొత్తవాళ్లను వెతకండి, వాళ్ల మొదటి వారంలో పాత ఆర్టిస్టు ఒక పూట వచ్చేలా మాట్లాడి పెట్టుకోండి.